ఉబుంటులో తెలుగు ఓసీఆర్ ఎక్కడం లేదు: "రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అంటోంది

చిత్తూరు డీటీపీ

అందరికీ నమస్కారం. చిత్తూరు కట్టమంచిలో నాకు చిన్న డీటీపీ, జిరాక్సు సెంటరు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు మా పని. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదానిలో విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. రెండోది పాత డెస్క్‌టాప్, అందులో విండోస్ బదులు ఉబుంటు 22.04 (ఉచితంగా దొరికే లినక్స్) వేయించాను. సమస్య ఈ రెండో దానితో.

ముందు అవసరం చెబుతాను. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదీ ధర్మరాజుల తిరునాళ్లు జరుగుతాయి. పద్దెనిమిది రోజులు భారతం. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ. నాటకం ఆడే బృందం వాళ్లు ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చారు. వాళ్ల దగ్గర ఉన్నది ఆ ఒక్క ప్రతే. అట్ట ఊడిపోయింది, కాగితం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. దాన్ని మళ్లీ అచ్చు వేయించి తిరునాళ్లకు అందరికీ తలా ఒకటి ఇవ్వాలని వాళ్ల కోరిక. పద్యాలు, దరువులు, మధ్యలో వచనం కలిపి రెండు వందల పేజీల పైన ఉంది. మొత్తం చేత్తో కొట్టే బదులు, స్కాన్ చేసి, బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే (ఓసీఆర్) ప్రోగ్రాం టెసెరాక్ట్‌తో అక్షరాలు తీసి, తప్పులు దిద్దుకుందామని అనుకున్నాను. తెలుగుకు టెసెరాక్ట్-ఓసీఆర్-టెల్ అనే ప్యాకేజీ ఉందని చదివాను.

టెర్మినల్‌లో ప్యాకేజీల జాబితా తాజా చేసే సుడో ఆప్ట్ అప్‌డేట్ కొడితే మొదటి వరుస, జామీ (22.04కు ఉబుంటు వాళ్లు పెట్టిన పేరు) అన్నది, బాగానే వెళ్తోంది. తర్వాత జామీ-అప్‌డేట్స్, జామీ-సెక్యూరిటీ, జామీ-బ్యాక్‌పోర్ట్స్ మూడింటికీ ఎర్రర్ వస్తోంది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "ఈ రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, మరో 41 రోజుల 6 గంటల వరకు చెల్లదు. ఈ రిపాజిటరీ నుంచి అప్‌డేట్లు తీసుకోబడవు."

అయినా ఇన్‌స్టాల్ కొట్టి చూశాను. అప్పుడు వేరే మాట చెబుతోంది: "డీపీకేజీ పని మధ్యలో ఆగిపోయింది, సరిచేయడానికి మీరే సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ నడపాలి." అది నడపడానికి భయపడి ఆగాను. ఎందుకంటే ఈ మెషీన్‌కు ఇంతకు ముందు అప్‌డేట్ చేయడానికి వచ్చిన టెక్నీషియన్ పని మధ్యలో ఉండగా గాలివానకు కరెంటు పోయింది. కరెంటు వచ్చాక ఆయన ఆన్ చేసి, తెర వచ్చింది కదా, సరిపోయిందని వెళ్లిపోయారు. అదే రోజు ఆయన మా స్కానరు కోసమని ఇంటర్నెట్ నుంచి ఒక డెబ్ ఫైలు (ఉబుంటులో ప్రోగ్రాం వేసే ప్యాకేజీ) దించి వేశారు. ఆ స్కానరు ప్రోగ్రాం ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

ఇంకో విషయం, సంబంధం ఉందో లేదో తెలియదు. బ్రౌజరులో కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని "మీ గడియారం వెనక ఉంది" అంటాయి. పిల్లల ఫీజు కట్టే సైటు కూడా అలాగే అంది. ఇంటర్నెట్ మా కాంప్లెక్సులో అందరికీ కలిపి ఇచ్చే ఉమ్మడి కనెక్షను. పోయిన నెలలోనే దానికి మారాం.

దయచేసి ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో చెప్పండి. ఈ మెషీన్‌లో కస్టమర్ల ఫైళ్లు చాలా ఉన్నాయి.

రేణిగుంట విద్యార్థి

అక్కా, ఇది తేదీ తనిఖీ వల్ల వచ్చే ఎర్రర్. ఆప్ట్‌కు తేదీ చూడవద్దని చెప్పే ఆప్షన్ ఒకటి ఉంది: సుడో ఆప్ట్ -ఓ అక్వైర్::చెక్-డేట్=ఫాల్స్ అప్‌డేట్. అది కొడితే వెంటనే దాటిపోతుంది. అయినా ఇన్ని చిక్కులు పడ్డ సిస్టమ్ కదా, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి మొత్తం ఉబుంటు కొత్తగా వేసుకోవడం మేలు. గంటలో పని అయిపోతుంది.

పాత ల్యాబు, తిరుపతి

అమ్మా, మీరు చాలా చక్కగా రాశారు. ఎర్రర్ మొత్తం రాశారు, ఏ వరుస బాగుందో కూడా రాశారు. సగం పని అక్కడే అయిపోయింది. నేను తిరుపతిలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ని, ఇప్పుడు విశ్రాంతి. ఈ తరహా పాత డెస్క్‌టాప్‌ల మధ్యే నా ఉద్యోగం గడిచింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆంగ్లంలో కొట్టండి. పెద్ద అక్షరం ఎక్కడైనా కావాలంటే విడిగా చెబుతాను.

మీ మెషీన్‌కు ఉన్నది ఒక జబ్బు కాదు. గడియారం ఒకటి, కరెంటు పోయి ఆగిపోయిన ఇన్‌స్టాలేషన్ రెండోది. ఆ స్కానరు డెబ్ ఫైలు మూడోది అయి ఉండవచ్చు. మూడింటినీ కలిపి చూస్తే మెషీన్ పాడైపోయినట్టు కనిపిస్తుంది. విడదీసి చూస్తే దేనికదే చిన్నది.

గడియారంతో మొదలుపెట్టండి. ఉబుంటు ప్యాకేజీలు ఉండే సర్వరే రిపాజిటరీ. అందులోని జాబితాలకు ముఖపత్రం లాంటిది రిలీజ్ ఫైలు. ప్రతి రిలీజ్ ఫైలు మీదా అది తయారైన తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. మీ కంప్యూటర్ తేదీ అంతకంటే వెనక ఉంటే, రేపు తయారు కాబోయే కాగితం ఈరోజే చేతికి వచ్చినట్టు ఆప్ట్‌కు కనిపిస్తుంది. అందుకే తీసుకోదు. జామీ అన్న మొదటి వరుసకు ఎందుకు ఎర్రర్ రాలేదో చూడండి. అది 22.04 విడుదలైన 2022 ఏప్రిల్ నాటి ఫైలు, ఆ తర్వాత మారలేదు. అప్‌డేట్స్, సెక్యూరిటీ మాత్రం తరచూ కొత్తగా తయారవుతాయి. అంటే మీ గడియారం 2022కు, నేటికి మధ్య ఎక్కడో, నేటికి 41 రోజుల వెనక ఉంది. బ్రౌజరు సంగతీ ఇదే. చాలా సైట్లు 90 రోజుల సర్టిఫికెట్లు వాడతాయి, 60 రోజులు దాటగానే కొత్తది పెట్టుకుంటాయి. గత 41 రోజుల్లో కొత్తది పెట్టుకున్న సైటు మీకు తెరుచుకోదు, పాతది ఇంకా నడుస్తున్న సైటు తెరుచుకుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: గడియారం ఎందుకు వెనకబడింది? మదర్‌బోర్డు మీద గుండ్రటి బటన్ సెల్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో ఫ్యాక్టరీ తేదీకి పోతుంది. మరి మీకు అంత వెనక్కు పోకుండా 41 రోజులే ఎందుకు పోయింది? ఉబుంటులో సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అనే సేవ ఉంది. అది ఇంటర్నెట్‌లో సమయం సరిచూసుకున్న ప్రతిసారీ ఆ గుర్తు డిస్కులో ఒక ఫైలు మీద వేసి ఉంచుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు గడియారం ఆ గుర్తు కంటే వెనక ఉంటే అక్కడికి లాక్కొస్తుంది. అంటే మీ మెషీన్ చివరిసారి సమయం సరిచూసుకున్నది 41 రోజుల క్రితం. ఉమ్మడి కనెక్షనుకు మారింది పోయిన నెలలో అన్నారు. ఆ రెండు తేదీలు కలుస్తాయేమో ఒకసారి చూడండి. సమయం సరిచూసే మాటలు యూడీపీ 123 అనే పోర్టులో నడుస్తాయి. వెబ్ తప్ప మరేదీ వదలని రౌటర్లు దాన్ని ఆపేస్తాయి.

నా అనుమానం నిజమో కాదో మీరే తేల్చవచ్చు. రాత్రి దుకాణం కట్టేటప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తారా? ఆపేస్తే, రేపు ఉదయం ఆన్ చేసిన వెంటనే, ఏదీ ముట్టుకోకుండా, టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టండి. ఎల్లుండి ఉదయం కూడా అదే చేయండి. రెండు రోజులూ ఒకే తేదీ చూపిస్తే సెల్ పోయింది, రౌటరు ఆపుతోంది, రెండూ నిజమే. అందులో ఆర్‌టీసీ టైమ్ అన్న వరుస మదర్‌బోర్డు గడియారం, అది ఇంకా ఎన్నో ఏళ్ల వెనక ఉంటుంది. సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్ అన్న చోట "నో" అని ఉంటుంది.

మందు: సెల్ పేరు సీఆర్ 2032. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2, పేరులో ఉన్న అంకెలు అవే. మూడు వోల్టులు. గడియారాల దుకాణంలో దొరుకుతుంది. మార్చే ముందు వైరు గోడ నుంచి పూర్తిగా తీసేయండి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, తర్వాత పెట్టె విప్పండి. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. పెట్టాక బయోస్‌లోకి (ఆన్ చేసిన వెంటనే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి తేదీ, సమయం ఒకసారి సరిచేయండి.

సెల్ వచ్చేలోగా ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి, ఫోను ఇంటర్నెట్ కంప్యూటర్‌కు ఇవ్వండి. కాంప్లెక్సు వైరు తీసేయండి. నిమిషంలో గడియారం తనంతట తానే సరి అవుతుంది. కంప్యూటర్‌ను పావుగంట ఆన్‌లోనే ఉంచండి. సమయం సరిపోయాక కెర్నల్ (ఉబుంటుకు గుండెకాయ లాంటి భాగం) దాన్ని పదకొండు నిమిషాలకోసారి మదర్‌బోర్డు గడియారానికి కూడా రాస్తుంది. ఆ తర్వాతే సుడో ఆప్ట్ అప్‌డేట్.

బాబూ రేణిగుంటా, నువ్వు చెప్పిన ఆప్షన్ ఉన్నమాట నిజమే. కానీ తేదీ తనిఖీ ఉన్నది కాపలాకు. కాపలా తీసేసి లోపలికి వెళ్తే ఈరోజు పని అవుతుంది, బ్రౌజరు మాత్రం అలాగే ఉంటుంది, రేపు మళ్లీ ఇదే ఎర్రర్ వస్తుంది. ఉబుంటు కొత్తగా వేసినా సెల్ కొత్తది కాదు, రౌటరు మారదు. కొత్త ఉబుంటు కూడా రేపోమాపో ఇదే మాట చెబుతుంది. కస్టమర్ల ఫైళ్లున్న మెషీన్‌ను చెరిపేయడం చిట్టచివరి మార్గంగా ఉండాలి.

డీపీకేజీ సంగతి తేదీ సరి అయ్యాక చూద్దాం. ఈ వరుస నేను కావాలనే చెబుతున్నాను. విరిగిన ప్యాకేజీని బాగుచేయాలంటే దాన్ని మళ్లీ దించాలి. పాత జాబితాతో దించబోతే, ఆ వెర్షన్ సర్వరులో లేక 404 (ఫైలు దొరకలేదు) వస్తుంది. అప్పుడు ఇంకో కొత్త సమస్య అనుకుని దాని వెంట పడతారు.

చిత్తూరు డీటీపీ

సార్, మీరు చెప్పింది అక్షరాలా జరిగింది. రెండు ఉదయాలూ ఒకే తేదీ, ఒకే గంట. ఆర్‌టీసీ టైమ్ అన్న చోట 2015 జనవరి అని ఉంది. ఆ ఒకే తేదీ మేము కాంప్లెక్సు కనెక్షను తీసుకున్న రోజే. బిల్లు తీసి చూశాను. అవును, రాత్రి గోడ స్విచ్ ఆపేస్తాం, ఎలుకలు వైర్లు కొరుకుతాయని.

ఫోను కలపగానే పైన గడియారం దానంతట అదే మారిపోయింది. నేను చూస్తుండగానే మారింది. ఫీజు సైటు కూడా తెరుచుకుంది. సెల్ గాంధీ రోడ్డులో గడియారాల దుకాణంలో తెచ్చి మా అబ్బాయి పెట్టాడు. ఆప్ట్ అప్‌డేట్ ఇప్పుడు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయింది.

తర్వాత ఏమీ చేయలేదు. డీపీకేజీ నడపమంటారా? ఫైళ్లకు ఏమైనా అవుతుందా?

పాత ల్యాబు, తిరుపతి

నడపండి అమ్మా. మీ ఫైళ్ల జోలికి అది వెళ్లదు. కరెంటు పోయిన మెషీన్ల గురించి చాలామందికి ఈ భయం ఉంటుంది, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఆప్ట్ పైనుండే మేస్త్రి. ఏ ప్యాకేజీకి ఏది కావాలో లెక్క వేసి, దించి పెడుతుంది. అసలు చేతిపని డీపీకేజీది. డెబియన్ వాళ్లు 1994లో మొదలుపెట్టిన పనిముట్టు అది, ఆప్ట్ కంటే పాతది. డీపీకేజీ ప్రతి ప్యాకేజీనీ రెండు దశల్లో వేస్తుంది. మొదట ఫైళ్లు విప్పి వాటి చోట్లలో పెడుతుంది. తర్వాత వాటిని పనికి సిద్ధం చేస్తుంది, అదే కాన్ఫిగర్. ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ అనే ఫైలులో ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. కరెంటు పోయినా ఆ రాత ఉంటుంది. అందుకే మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆగిన చోటి నుంచి అందుకోగలదు. ఆ స్టేటస్ ఫైలే పాడైతే పాత ప్రతులు /వార్/బ్యాకప్స్‌లో ఉంటాయి, కానీ మీకు ఆ అవసరం వచ్చేలా లేదు.

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ కొట్టండి. వరుసలు చాలా వస్తాయి. మధ్యలో ఆపవద్దు. పని జరుగుతుండగా మళ్లీ కరెంటు పోతే ఇబ్బంది కాబట్టి యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి, లేదా వాన లేని పూట చూసుకోండి. అయ్యాక చివర "ఎర్రర్లు వచ్చిన ప్యాకేజీలు" అని ఒక చిన్న జాబితా ఇస్తుంది. ఆ జాబితా, దాని పైన ఆ పేర్లతో వచ్చిన వరుసలు ఇక్కడ రాయండి. మిగతావి అక్కర్లేదు.

ఒకవేళ "తాళం దొరకలేదు, వేరే ప్రాసెస్ పట్టుకుని ఉంది" అని వస్తే కంగారు పడవద్దు. ఆన్ చేసిన కొత్తలో అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే సేవ వెనకాల సెక్యూరిటీ అప్‌డేట్లు వేస్తూ ఉంటుంది. కాసేపు ఆగితే అదే వదిలేస్తుంది. ఆ లాక్ ఫైలును చెరిపేయమని చాలా చోట్ల రాస్తారు, అది మాత్రం చేయకండి. ఇద్దరు ఒకేసారి ఆ స్టేటస్ ఫైలులో రాయకుండా ఆపేది ఆ తాళమే.

చిత్తూరు డీటీపీ

నడిపాను సార్. చాలా వరకు "సెట్టింగ్ అప్" అని వరుసగా వెళ్లిపోయాయి. చివర రెండు మిగిలాయి.

ఒకటి లిబ్రెఆఫీస్-కామన్. దాని గురించి "ఈ ప్యాకేజీ చాలా అస్తవ్యస్త స్థితిలో ఉంది, కాన్ఫిగర్ చేసే ముందు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి" అని ఉంది.

రెండోది ఆ స్కానరు ప్రోగ్రాం. "దీనికి లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కావాలి, కానీ అది ఇన్‌స్టాల్ అయి లేదు, కాన్ఫిగర్ చేయకుండా వదిలేస్తున్నాను" అంటోంది.

రేణిగుంట విద్యార్థి

ఈ రెండోది నాకు తెలుసు. మా హాస్టల్‌లో చాలామందికి వచ్చింది. ఉబుంటు 20.04 సర్వరులో లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 డెబ్ ఫైలు ఉంటుంది. దాన్ని దించి సుడో డీపీకేజీ -ఐ తో వేస్తే స్కానరు ప్రోగ్రాం వెంటనే తెరుచుకుంటుంది. ల్యాబు సార్ దీనికి ఏమంటారో మరి.

పాత ల్యాబు, తిరుపతి

బాబూ, అడిగావు కాబట్టి నా మాట గట్టిగానే చెబుతాను. తెరుచుకుంటుంది, ఆ మాట నిజం. కానీ ఈ దుకాణంలో అది వద్దు.

లిబ్‌ఎస్ఎస్ఎల్ అనేది ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని లైబ్రరీ. ఉబుంటు 22.04 ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0కు మారింది. 1.1 ఇందులో లేదు, అందుకే ఆప్ట్‌కు దొరకలేదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కు దాన్ని తయారు చేసేవాళ్లు 2023 సెప్టెంబరుతోనే ఉచిత మద్దతు ముగించారు. నువ్వు చేత్తో వేసిన డెబ్ ఫైలుకు 22.04 రిపాజిటరీ నుంచి ఏ అప్‌డేటూ రాదు. ఎవరైనా అందులో కొత్త రంధ్రం కనిపెడితే అది ఈ మెషీన్‌లో అలాగే ఉండిపోతుంది, ఆప్ట్ మాత్రం "అంతా తాజాగా ఉంది" అనే చెబుతుంది. ఈ లైబ్రరీ చేసే పని ఆషామాషీది కాదు, ఎన్‌క్రిప్షన్. ఒక డీటీపీ సెంటరు కంప్యూటర్‌లోకి ఊరి జనం ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు, కోర్టు కాగితాలు వచ్చిపోతుంటాయి. వాళ్లు ఈమెను నమ్మి ఇస్తున్నారు. ఒక్కసారి కూడా తెరుచుకోని స్కానరు ప్రోగ్రాం కోసం అంత పని చేయకూడదు.

పైగా ఆ ప్రోగ్రాం పాత ఉబుంటు కోసం కట్టినది. ఈరోజు ఒక లైబ్రరీ అడిగింది, దాన్ని ఇస్తే రేపు ఇంకొకటి అడుగుతుంది. మా ల్యాబులో ఇలా ఒకదాని కోసం ఒకటి చేత్తో వేసుకుంటూ పోయిన మెషీన్లు చూశాను. అప్‌గ్రేడ్ రోజున అవి కదలవు.

అమ్మా, ఇలా చేయండి. ముందు స్కానరు ప్రోగ్రాం తీసేయండి: సుడో డీపీకేజీ --రిమూవ్, పక్కన ఆ ప్యాకేజీ పేరు. తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లిబ్రెఆఫీస్-కామన్. ఇది ఇప్పుడు దిగుతుంది, జాబితా తాజాగా ఉంది కదా. ఆ తర్వాత సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. ఇది కొట్టినప్పుడు ఏవి వేస్తానో, ఏవి తీసేస్తానో చెప్పి వై లేదా ఎన్ అని అడుగుతుంది. "తీసేయబడేవి" అన్న వరుస పూర్తిగా చదవండి. అక్కడ ఒకటి రెండు పేర్లుంటే సరే. ఉబుంటు-డెస్క్‌టాప్ అని గానీ, పెద్ద జాబితా గానీ కనిపిస్తే ఎన్ కొట్టి ఇక్కడ రాయండి.

స్కానరుకు వేరే ప్రోగ్రాం అక్కర్లేకపోవచ్చు. లినక్స్‌లో స్కానర్ల పని సేన్ అనే వ్యవస్థ చూసుకుంటుంది. టెర్మినల్‌లో స్కాన్‌ఇమేజ్ -ఎల్ అని కొట్టండి, ఆ ఎల్ మాత్రం పెద్ద అక్షరం. మీ స్కానరు పేరు కనిపిస్తే సింపుల్-స్కాన్ తెరిచి వాడుకోవడమే. కొత్త రకం మల్టీఫంక్షన్ మెషీన్ అయితే సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ ఉందో లేదో చూడండి. డ్రైవరు లేకుండా పనిచేసే వాటిని అది పట్టుకుంటుంది. ఇవన్నీ ఉబుంటు రిపాజిటరీలోనివే, అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి.

చిత్తూరు డీటీపీ

సార్, అన్నీ మీరు చెప్పిన వరుసలోనే చేశాను. స్కానరు ప్రోగ్రాం పోయింది. లిబ్రెఆఫీస్ మళ్లీ ఎక్కింది. ఫిక్స్-బ్రోకెన్ కొడితే వేసేవి సున్నా, తీసేవి సున్నా అని వచ్చింది. స్కాన్‌ఇమేజ్ మా స్కానరు పేరు చూపించింది. ఇన్నాళ్లూ ఏ ప్రోగ్రాం అక్కర్లేకుండానే అది పనిచేసేదన్నమాట.

ఆ తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెసెరాక్ట్-ఓసీఆర్ టెసెరాక్ట్-ఓసీఆర్-టెల్ కొట్టాను. ఒక్క మాట మాట్లాడకుండా ఎక్కేసింది. నాటకం పుస్తకంలో వచనం ఉన్న పేజీ ఒకటి స్కాన్ చేసి నడిపాను. తెర మీద "ధర్మరాజు" అని యూనికోడ్‌లో వచ్చినప్పుడు పక్కన కూర్చున్న బృందం పెద్దాయన లేచి నిలబడి చూశారు. ఆయన చదువుకుంటూ పోతుంటే నేను తప్పులు దిద్దాను.

కాంప్లెక్సు కనెక్షను చూసే ఆయనకు 123 పోర్టు సంగతి రాసి ఇచ్చాను. తెరుస్తానన్నారు.

ఇప్పుడు ఒక్క ఇబ్బంది. వచనం పేజీలు బాగానే వస్తున్నాయి. పద్యాలున్న పేజీలు మాత్రం పాదాలు కలిసిపోతున్నాయి. కొన్ని చోట్ల వత్తులు పోతున్నాయి, "క్ష" ఉన్న చోట ఏదేదో వస్తోంది. పాత సీసపు అచ్చు కదా, సిరా పరుచుకుపోయి ఉంది. దీనికి ఏమైనా దారి ఉందా?

పలమనేరు టీచరు

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. ఈ చివరి ప్రశ్నకు నేను చెప్పగలను, బడి పాత పుస్తకాలు కొన్ని ఇలాగే చేశాను.

స్కాన్ 300 డీపీఐలో పెట్టండి. అక్షరం మరీ చిన్నదైతే 400. రంగుల్లో కాకుండా గ్రే రంగులో తీయండి. పూర్తి నలుపు తెలుపులో తీస్తే పరుచుకున్న సిరా ముద్దగా మారి, వత్తు అసలు అక్షరానికి అతుక్కుపోతుంది. పుట వెనక అచ్చు ఇవతలికి కనిపిస్తుంటే పుట వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి. ఈ ఒక్క పనితో నాకు తప్పులు బాగా తగ్గాయి.

పద్యాల పేజీకి ఆదేశం చివర --పీఎస్ఎమ్ 6 చేర్చండి. మామూలుగా టెసెరాక్ట్ పేజీని తనకు తోచినట్టు భాగాలు చేసుకుంటుంది. 6 అంటే మొత్తం ఒకే దిమ్మ అని చెప్పినట్టు. పాదాలు వరుసగా వస్తాయి. పద్యం పక్కన రాగం, తాళం పేర్లు వేరే వరుసలో ఉంటే 4 కూడా ప్రయత్నించండి. వచనానికి ఏదీ చేర్చకండి.

పాత ల్యాబు, తిరుపతి

టీచరు గారు చెప్పిన నల్ల కాగితం సంగతి నేనూ వాడుకుంటాను.

దానికి ఒకటి చేరుస్తాను. ఉబుంటు ప్యాకేజీలో వచ్చే తెలుగు డేటా త్వరగా పనిచేసే రకం. నిదానంగా నడిచినా తప్పులు తక్కువ చేసే రకం వేరే ఉంది, టెసెరాక్ట్ వాళ్లే గిట్‌హబ్‌లో టెస్‌డేటా_బెస్ట్ పేరుతో పెట్టారు. అందులో టెల్.ట్రెయిన్డ్‌డేటా అనే ఒక్క ఫైలు మీకు చాలు. దాన్ని /యూఎస్ఆర్ కింద ఉన్న పాత ఫైలు మీద అతికించవద్దు. ఆ చోటు డీపీకేజీది, అక్కడ మీరు పెట్టింది రేపు అప్‌డేట్‌లో పోవచ్చు. మీ హోమ్ ఫోల్డరులో ఓసీఆర్ అని ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టండి. ఆదేశంలో --టెస్‌డేటా-డిర్ అని రాసి ఆ ఫోల్డరు దారి ఇవ్వండి. నచ్చకపోతే ఫోల్డరు చెరిపేస్తే సరి, సిస్టమ్‌లో ఏదీ మారదు.

రెండు రకాలతోనూ ఒకే పద్యం పేజీ నడిపి, పక్కపక్కన పెట్టి పెద్దాయనకు చూపించండి. ఏది తక్కువ దిద్దాల్సి వస్తుందో ఆయనే చెబుతారు. ఆ తర్వాత మిగతా పేజీలన్నీ దానితో నడపండి. ఒక్కొక్కటే కాకుండా ఫోల్డరులో ఉన్న పేజీలన్నీ వరుసగా నడిపే చిన్న స్క్రిప్టు కావాలంటే అడగండి, రాసి పెడతాను.

చిత్తూరు డీటీపీ

కావాలి సార్. పద్యం పేజీలు, వచనం పేజీలు రెండు ఫోల్డర్లుగా వేరు చేసి రేపటికి సిద్ధంగా ఉంచుతాను.